తెగితేనే కుదిరే జత: కణం తన డీఎన్ఏను తానే ఎందుకు తెంపుకుంటుంది?

జీవకణానికి కలిగే హానులన్నింటిలోనూ ప్రమాదకరమైనది డీఎన్ఏ రెండు పోగులూ ఒకే చోట తెగిపోవడం. ఒక పోగు మాత్రమే తెగితే ఎదుటి పోగును చూసి కణం దాన్ని సరిదిద్దుకోగలదు. రెండూ తెగితే ఆ ఆధారం కూడా పోతుంది. సరిచేయకుండా మిగిలిన ఒక్క విచ్ఛేదం చాలు, కణం మరణించడానికో క్యాన్సర్ దారి పట్టడానికో. రేడియేషన్ చికిత్సతో క్యాన్సర్ కణాలను చంపడం వెనుక ఉన్నది కూడా ఈ బలహీనతే. 1 గ్రే మోతాదు రేడియేషన్ ఒక్కో కణంలో సుమారు 40 జంటపోగుల విచ్ఛేదాలను కలిగిస్తుందని అంచనా.

అలాంటిది, అండాలూ శుక్రకణాలూ తయారయ్యే చోట కణం ఇంతకు ఐదారు రెట్ల గాయాలను తనకు తానే చేసుకుంటుంది. ఎలుకలో ఒక్కో మాతృకణం 200 నుంచి 300 చోట్ల తన డీఎన్ఏను తెంపుకుంటుంది. ఇది పొరపాటున జరిగేది కాదు. ఇందుకోసమే ఒక ప్రత్యేకమైన ఎంజైమ్ ఉంది. అది ఈస్ట్‌లోనూ వరిలోనూ మనిషిలోనూ ఉంది. కోట్ల సంవత్సరాల పరిణామంలో ఈ ఏర్పాటు చెక్కుచెదరలేదు.

ఎందుకీ సాహసం అంటే పాఠ్యపుస్తకం చెప్పే జవాబు ఒకటే: వైవిధ్యం కోసం. తల్లిదండ్రుల జన్యువులు కలగలిసి ప్రతి బిడ్డా కొత్త కలయికగా పుట్టడానికి. ఆ జవాబు తప్పు కాదు, కానీ సగమే. వైవిధ్యం తరాల తరువాత దక్కే లాభం. ఈ విచ్ఛేదాలతో కణానికి అప్పటికప్పుడే ఒక అవసరం ఉంది. అవి లేకపోతే క్రోమోజోముల జతలు సక్రమంగా విడిపోలేవు.

విడిపోవాలంటే ముందు ముడిపడాలి

మన శరీర కణాల్లో 46 క్రోమోజోములుంటాయి. తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 వచ్చి, 23 జతలవుతాయి. అండంలో గానీ శుక్రకణంలో గానీ ఉండవలసినవి 23 మాత్రమే, జతకు ఒకటి చొప్పున. సంఖ్యను ఇలా సగానికి తగ్గించే ప్రక్రియనే క్షయకరణ విభజన అంటారు. ఈ పేరు పెట్టినవారు ఫలితాన్ని చూసి పెట్టారు. ప్రక్రియ మధ్యలో జరిగేది తగ్గించడం కంటే చాలా చిక్కైన పని.

విభజనకు ముందు ప్రతి క్రోమోజోము తనకు ఒక నకలు తయారుచేసుకుంటుంది. అసలునూ నకలునూ కొహీసిన్ అనే ఉంగరాల వంటి ప్రోటీన్లు పట్టి ఉంచుతాయి. వీటిని సోదర క్రొమాటిడ్లు అంటారు. సాధారణ సమవిభజనలో కండె పోగులు రెండు వైపుల నుంచీ ఈ సోదరులను లాగుతాయి. వాటి మధ్య బంధం ఉన్నందువల్లే ఆ లాగుడులో బిగువు పుడుతుంది. బిగువు సరిపోయిందని తేలాకే కణం ఆ బంధాన్ని తెంచి వాటిని విడదీస్తుంది.

క్షయకరణ విభజన మొదటి దశలో విడిపోవలసినవి సోదరులు కావు. తల్లి నుంచి వచ్చిన 1వ క్రోమోజోము ఒక వైపుకు, తండ్రి నుంచి వచ్చిన 1వ క్రోమోజోము మరో వైపుకు వెళ్లాలి. చిక్కంతా ఇక్కడే. ఈ రెంటికీ పుట్టుకతో ఏ బంధమూ లేదు. అవి ఒకదాని నుంచి మరొకటి తయారైనవి కావు. కణకేంద్రకంలో చెరో చోట ఉంటాయి. బంధం లేనప్పుడు బిగువు ఉండదు, ఏది ఎటు పోతున్నదో కణానికి తెలిసే మార్గమూ ఉండదు. ప్రతి జతనూ ఇలా యాదృచ్ఛికతకే వదిలేస్తే 23 జతలూ సరిగ్గా విడిపోయే అవకాశం 83 లక్షల 88 వేల 608లో ఒకటి మాత్రమే.

కాబట్టి లేని బంధాన్ని కణం సృష్టించుకోవాలి. అందుకు అది ఎంచుకున్న సాధనం కత్తి.

తెంపడం, వెతకడం, పూరించడం

ఆ కత్తి పేరు స్పో11. దీని రెండు అణువులు డీఎన్ఏను ఇరువైపులా పట్టుకుని చెరో పోగునూ తెంపుతాయి. తెంపిన తరువాత అవి వెంటనే తప్పుకోవు. కొసలకే అతుక్కుని ఉంటాయి. మరికొన్ని ప్రోటీన్లు వచ్చి కొద్దిపాటి డీఎన్ఏ ముక్కతో సహా వాటిని కోసి తొలగిస్తాయి. ఇలా రాలిపడిన చిన్న ముక్కలనే పోగుచేసి చదివి, ఈస్ట్ జన్యురాశిలో ఎక్కడెక్కడ కోతలు పడుతున్నాయో శాస్త్రవేత్తలు 2011లో పటం గీశారు.

తరువాత తెగిన ప్రతి కొస దగ్గరా ఒక పోగును ఎంజైములు కొంత మేర కొరికేస్తాయి. రెండో పోగు తోకలా ఒంటరిగా మిగులుతుంది. ఈ ఒంటిపోగు తోకకు రాడ్51, డీఎంసీ1 అనే ప్రోటీన్లు వరుసగా తొడుగులా అమరుతాయి. వీటిలో డీఎంసీ1 క్షయకరణ విభజనకే ప్రత్యేకం. వీటిని తోకపైకి చేర్చే ప్రోటీన్లలో ఒకటి బీఆర్‌సీఏ2. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల సందర్భంలో వార్తల్లో వినిపించే పేరు అదే.

ఇక వెతుకులాట. తొడుగు వేసుకున్న తోక తన అక్షరక్రమానికి సరిపోయే మరో డీఎన్ఏ కోసం కేంద్రకమంతా గాలిస్తుంది. ఒక మానవ కణంలోని డీఎన్ఏను సాగదీస్తే దాదాపు 2 మీటర్ల పొడవు. ఆ రాశిలో సరిపోలే ఒక్క చోటును అది పట్టుకోవాలి. నిజానికి అచ్చంగా సరిపోయే ప్రతి పక్కనే ఉంది, అదే సోదర క్రొమాటిడ్. మామూలు కణాల్లో గాయాన్ని సరిచేసేది దాన్ని చూసే. కానీ సోదరునితో ముడిపడితే ఇక్కడ ప్రయోజనం లేదు. అందుకే క్షయకరణ విభజనలో కణం ఆ దగ్గరి దారికి అడ్డుకట్ట వేసి, తోకను అవతలి సమజాత క్రోమోజోము వైపు మళ్లిస్తుంది. మిగతా అన్ని సందర్భాల్లోనూ తొందరగా, సులువుగా సరిచేసుకోవాలని చూసే కణం ఇక్కడ కావాలని కష్టమైన దారి పట్టడం ఈ మొత్తం ప్రక్రియలోకెల్లా గమనించదగిన విషయం.

అవతలి క్రోమోజోము దొరకగానే తోక దాని రెండు పోగుల మధ్యకు చొరబడి, సరిపోలే పోగుతో జతకట్టి, పోయిన భాగాన్ని అక్కడి నుంచి చూసి రాసుకోవడం మొదలుపెడుతుంది. పాత తాళపత్ర గ్రంథాలను పరిష్కరించేవారు చేసేదీ ఇలాంటి పనే. ఒక ప్రతిలో ఆకు విరిగి పద్యపాదం శిథిలమైతే మరో ప్రతిని తెప్పించి అందులోని పాఠంతో పూరిస్తారు. ఆ రెండో ప్రతిలో ఒక మాట వేరుగా ఉంటే, ఆ పాఠాంతరమే మొదటి ప్రతిలోకి వచ్చి చేరుతుంది. డీఎన్ఏలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. తల్లి క్రోమోజోములో తెగిన చోటును తండ్రి క్రోమోజోమును చూసి పూరిస్తే అక్కడ తండ్రి పాఠమే నిలుస్తుంది. దీన్ని జీన్ కన్వర్షన్ అంటారు.

ఎక్కువ విచ్ఛేదాల కథ ఇక్కడితో ముగుస్తుంది. తోక తనకు కావలసింది రాసుకుని వెనక్కి వచ్చి తన సొంత రెండో కొసతో అతుక్కుంటుంది. కొన్ని చోట్ల మాత్రం రెండో కొస కూడా అవతలి క్రోమోజోములో చిక్కుకుంటుంది. అప్పుడు రెండు క్రోమోజోముల పోగులూ ఒకదానిపై ఒకటి మెలిపడి జంట కూడళ్లు ఏర్పడతాయి. ఈ కూడళ్లను ఎంజైములు కోసే తీరును బట్టి రెండు క్రోమోజోముల ముక్కలూ తారుమారవుతాయి. తల్లి క్రోమోజోము మిగతా భాగం తండ్రి క్రోమోజోముకు, దానిది దీనికి అతుకుతుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో వినిమయం అనేది దీన్నే. వస్తుమార్పిడిని తలపించే ఆ నెమ్మదైన మాట వెనుక రెండు క్రోమోజోముల కోతలూ అతుకులూ ఉన్నాయని విద్యార్థికి స్ఫురించడం కష్టం.

కణానికి కావలసిన ముడి ఇదే. ముక్కలు తారుమారైనా, సోదర క్రొమాటిడ్ల చుట్టూ కొహీసిన్ ఉంగరాలు అలాగే ఉన్నాయి కనుక రెండు సమజాత క్రోమోజోములు ఇప్పుడు ఒకదాన్నొకటి వదిలిపోలేవు. లాగితే బిగువు పుడుతుంది. సూక్ష్మదర్శినిలో ఈ ముడులు గుణకారపు గుర్తు ఆకారంలో కనిపిస్తాయి.

కంటికి కనిపించినా అర్థం కావడానికి దశాబ్దాలు

బెల్జియం శాస్త్రవేత్త యాన్సెన్స్ 1909లోనే ఈ ముడులను చూసి, ఇక్కడ క్రోమోజోములు తెగి అతుక్కుంటున్నాయని ఊహించారు. అమెరికాలో థామస్ హంట్ మోర్గన్ బృందం పండు ఈగలతో ఆ ఊహకు లెక్కలు జోడించింది. మోర్గన్ విద్యార్థి స్టర్టెవంట్ 1913లో తొలి జన్యుపటాన్ని ప్రచురించారు: రెండు జన్యువులు ఎంత తరచుగా విడిపోతే వాటి మధ్య అంత దూరం. 1931లో హారియట్ క్రెయిటన్, బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో, జన్యువులు తారుమారైనప్పుడు క్రోమోజోము ముక్కలు కూడా నిజంగానే తారుమారవుతున్నాయని కళ్లకు కట్టారు.

అయినా అసలు ప్రశ్న మిగిలింది. మొదట తెగేది ఏమిటి? 1964లో రాబిన్ హాలిడే ప్రతిపాదించిన నమూనాలో రెండు డీఎన్ఏలలోనూ ఒక్కో పోగు మాత్రమే తెగుతుంది. అది అందంగా ఉంది, కణానికి పెద్దగా ప్రమాదం లేనిదిగానూ ఉంది. 1983లో షోస్టాక్, ఓర్-వీవర్, రాత్‌స్టీన్, స్టాల్ దీన్ని తిరగరాశారు. ఒకే డీఎన్ఏలో రెండు పోగులూ తెగడమే ఆరంభమని వారి వాదన. కణం తనకు తాను అంతటి గాయం చేసుకుంటుందంటే సులభంగా నమ్మగలిగే మాట కాదు. ఆరేళ్ల తరువాత, 1989లో, షోస్టాక్ ప్రయోగశాలే ఈస్ట్‌లో ఆ విచ్ఛేదాలను నేరుగా గుర్తించింది. టెలోమియర్ల పరిశోధనకు 2009లో నోబెల్ పంచుకున్న షోస్టాక్ ఈయనే.

కత్తి దొరికింది 1997లో. స్కాట్ కీనీ, క్రెగ్ జిరూ, నాన్సీ క్లెక్నర్ తెగిన కొసలకు అంటుకుని ఉన్న ప్రోటీన్‌ను పట్టుకుని అది స్పో11 అని తేల్చారు. అదే ఏడాది ఫ్రాన్స్‌కు చెందిన మరో బృందం ఆర్కియా అనే సూక్ష్మజీవుల ఎంజైములో స్పో11 పోలికలను చూసింది. మరుసటి ఏడాది ఒక సూక్ష్మ పురుగుపై జరిపిన ప్రయోగం ఈ కథలో నాకు అన్నింటికంటే నచ్చినది. స్పో11 లేని పురుగుల్లో వినిమయం ఆగిపోయి క్రోమోజోములు అస్తవ్యస్తమవుతున్నాయి. వాటిపై గామా కిరణాలు ప్రసరింపజేశారు. కిరణాలు ఎక్కడపడితే అక్కడ డీఎన్ఏను తెంపాయి. వినిమయం మళ్లీ మొదలైంది. తెంపినది ఎంజైమా, రేడియేషనా అన్నది ఆ కణానికి పట్టలేదు. దానికి కావలసింది తెగడమే.

ఎలుకల్లో స్పో11 జన్యువును తొలగిస్తే మగవీ ఆడవీ కూడా సంతానహీనమవుతాయి. అయితే ఈ ఎంజైము పరీక్షనాళికలో డీఎన్ఏను తెంపుతుండగా చూపడం మాత్రం చాలాకాలం ఎవరికీ సాధ్యం కాలేదు. ఎలుక ప్రోటీన్‌తో దాన్ని సాధించినట్టు నేచర్ పత్రికలో ప్రకటన వెలువడింది 2025లోనే.

ఎన్ని, ఎక్కడ

ఎలుకలో పడే 200కు పైగా కోతల్లో వినిమయంగా మారేవి దాదాపు పదో వంతు. మనిషిలో ఒక్కో మాతృకణంలో జరిగే వినిమయాలు పురుషుల్లో సుమారు 50, స్త్రీలలో సుమారు 70. సంఖ్య కంటే పంపకం ముఖ్యం. ప్రతి జతకూ కనీసం ఒక్కటైనా దక్కాలి. ఎక్స్, వై క్రోమోజోముల జతకు ఇది అన్నింటికంటే కష్టం. ఆ రెంటికీ పోలిక ఉన్న భాగం కొసల్లోనే ఉంటుంది. వాటిలో ముఖ్యమైనదాని పొడవు దాదాపు 27 లక్షల అక్షరాలు. శుక్రకణాలు తయారయ్యేటప్పుడు ప్రతిసారీ ఆ కాస్త చోటులోనే కోత పడాలి, ముడి కుదరాలి.

కోతలు ఎక్కడ పడాలో మనిషిలోనూ ఎలుకలోనూ నిర్ణయించేది పీఆర్‌డీఎం9 అనే ప్రోటీన్. 2010లో మూడు బృందాలు విడివిడిగా దీన్ని గుర్తించాయి. ఇది డీఎన్ఏలో కొన్ని నిర్దిష్ట అక్షరక్రమాలను గుర్తుపట్టి అక్కడ జెండా పాతుతుంది. ఇక్కడొక విరోధాభాసం ఉంది. తెగిన క్రోమోజోము తెగనిదాన్ని చూసి రాసుకుంటుంది కదా. అంటే కోతను ఆకర్షించే అక్షరక్రమమే కోత వల్ల చెరిగిపోయి, ఆకర్షించని పాఠం మిగులుతుంది. తరాలు గడిచేకొద్దీ ఆ స్థానాలు తమను తామే తుడిచేసుకుంటాయి. పీఆర్‌డీఎం9 చాలా వేగంగా మారుతూ కొత్త స్థానాలను వెతుక్కోవడానికి కారణం ఇదేనని భావిస్తున్నారు. పక్షులకు ఈ ప్రోటీన్ లేదు. వాటిలో జన్యువుల ఆరంభ స్థానాల దగ్గర కోతలు ఎక్కువగా పడతాయి.

కోతలు మితిమీరకుండా కాపలా కూడా ఉంది. ఏటీఎం అనే ప్రోటీన్ లేని ఎలుకల్లో విచ్ఛేదాలు పది రెట్లకు పైగా పెరిగిపోతాయి.

అమ్మమ్మ గర్భంలో మొదలైన పని

పురుషుల్లో ఈ ప్రక్రియ యుక్తవయసు నుంచి నిరంతరం సాగుతుంది. స్త్రీలలో అలా కాదు. ఒక స్త్రీ అండాలలోని డీఎన్ఏ తెగడం, ముడిపడడం ఆమె పుట్టకముందే, ఆమె తన తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడే పూర్తవుతాయి. ఆ తరువాత విభజన ఆగిపోతుంది. ముడులు పడ్డ క్రోమోజోములు అలాగే 15 ఏళ్లో 40 ఏళ్లో వేచి ఉండి, అండం విడుదలయ్యే సమయంలో మాత్రమే విడిపోతాయి. అన్నేళ్లూ వాటిని పట్టి ఉంచవలసినవి ఆనాడు అమరిన కొహీసిన్ ఉంగరాలే. వయసుతో అవి సడలుతాయి.

ఒక బిడ్డ 21వ క్రోమోజోము మూడు ప్రతులతో డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినప్పుడు, అదనపు ప్రతి అత్యధిక సందర్భాల్లో అండం నుంచే వచ్చి ఉంటుంది. వాటిలో చాలావాటిలో 21వ జతకు వినిమయం అసలే జరగకపోవడమో, క్రోమోజోముపై అనువుగాని చోట జరగడమో కనిపించింది. తల్లి వయసు 35 ఉన్నప్పుడు ఈ అవకాశం సుమారు 350 జననాల్లో ఒకటి, 40కి సుమారు 100లో ఒకటి. అయితే చిన్న వయసు తల్లులకు జరిగే కాన్పులే ఎక్కువ కనుక డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది 35 ఏళ్ల లోపు తల్లులకే పుడుతున్నారు.

గర్భిణిగా ఉన్నప్పుడు ఏం తిన్నది, ఏ గ్రహణాన ఎక్కడ తిరిగింది, ఎంత బరువు మోసింది అని తల్లిని నిలదీసే ఇళ్లు మన దేశంలో ఇప్పటికీ ఉన్నాయి. ఆమె చేసిన ఏ పనికీ దీనితో సంబంధం లేదు. ఆ ముడి సరిగా పడిందా లేదా అన్నది ఆమె జన్మించకముందే జరిగిపోయిన సంగతి.

తెగకుండా ఆపితే

హైబ్రిడ్ విత్తనం వేసే రైతుకు ఈ ప్రక్రియ మరో రకంగా తెలుసు. ఈ ఏడాది పంట ఏపుగా, ఒకే తీరుగా వస్తుంది. ఆ గింజలనే దాచి మరుసటి ఏడాది వేస్తే ఒక మొక్క పొడవు, ఒకటి పొట్టి, దిగుబడి తక్కువ. హైబ్రిడ్ మొక్క తన సంయోగబీజాలను తయారుచేసేటప్పుడు క్రోమోజోములను తెంపి, ముక్కలు మార్చి, కొత్తగా పంచుతుంది. కుదిరిన కలయిక చెదిరిపోతుంది. అందుకే ఏటా విత్తనం కొనక తప్పదు.

ఈ ముడిని విప్పే ప్రయత్నంలో హైదరాబాద్‌కు వాటా ఉంది. అక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో ఇమ్రాన్ సిద్దిఖీ బృందం అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో, డయాడ్ అనే ఒకే జన్యువులోని మార్పుతో అండం క్షయకరణ లేకుండా తల్లి జన్యురాశిని యథాతథంగా నిలుపుకోగలదని 2008లో నేచర్ పత్రికలో చూపింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్ పరిశోధకులు అదే మొక్కలో మూడు జన్యువులను పనిచేయకుండా చేసి క్షయకరణ విభజనను పూర్తిగా సమవిభజనగా మార్చారు. ఆ మూడింటిలో ఒకటి స్పో11. తెగడం ఆగితే తారుమారూ ఆగుతుంది. 2011లో సీసీఎంబీ, ఫ్రెంచ్, కాలిఫోర్నియా పరిశోధకులు కలిసి, తల్లి మొక్కకు అచ్చమైన నకళ్లుగా మొలిచే విత్తనాలను కొన్నింటిని ఆ మొక్కలోనే సాధించారు.

వరిలో ఇది 2019లో సాధ్యమైంది. 2022లో ఒక హైబ్రిడ్ వరిలో 95 శాతానికి పైగా విత్తనాలు తల్లికి నకళ్లుగా వచ్చినట్టు ప్రచురించారు. ఇదే కాలంలో వంగడాలను రూపొందించే మరికొందరు దీనికి ఎదురుదిశలో వెళుతున్నారు. వారికి కొత్త కలయికలు కావాలి, అంటే వినిమయాలు పెరగాలి. విచ్ఛేదాలను వినిమయం కానివ్వకుండా అణచిపెట్టే రెక్యూ4 వంటి జన్యువులను ఆపితే అరబిడాప్సిస్‌లో కొన్ని కలయికలలో వినిమయాలు ఏడు రెట్లకు పైగా పెరిగాయి. వరి, బఠానీ, టమాటాల్లో మూడు రెట్ల దాకా. విచిత్రమేమిటంటే ఈ మొక్కల్లో కోతల సంఖ్యను ఎవరూ పెంచలేదు. ఎప్పటిలాగే పడుతున్న కోతల్లో మరికొన్ని, చడీచప్పుడు లేకుండా అతుక్కుపోయే బదులు ముడులుగా మారాయి.